బెంగుళూరున విమానవిద్య: శాస్త్రము, నిర్మాణము, చాలనము

విమానవిద్య యనగానే మనలో పలువురకు ఆకాశమున నెగురు చాలకుడే స్ఫురించును. కాని యీ విద్య యొకటి కాదు, మూడు. గాలి రెక్కపై నెట్లు పనిచేయునో గణితముచే తెలిసికొనుట మొదటిది. ఆ తెలివితో లోహమును, కొయ్యను, వస్త్రమును విమానముగా కూర్చుట రెండవది. ఆ విమానమును నేల విడిపించి, గాలిలో నడిపి, మరల క్షేమముగా నేలకు దించుట మూడవది. మొదటిది కళాశాలలోను, రెండవది కర్మాగారములోను, మూడవది మైదానములోను నేర్వదగినవి.

భారతదేశమున ఈ మూడు విద్యలును పది సంవత్సరముల లోపల ఒకే నగరమున నెలకొన్నవి. ఆ నగరము బెంగుళూరు. 1940లో కర్మాగారము, 1942లో కళాశాల శాఖ, 1949లో చాలన పాఠశాల అచట ఏర్పడినవి. ఇవి యొకదానికొకటి కొలది మైళ్ళ దూరముననే యున్నను, వాని ద్వారములు వేరు, ప్రవేశార్హతలు వేరు, పట్టములు వేరు. రెక్క గణితమును నేర్చినవాడు విమానమెక్కకయే పట్టభద్రుడు కావచ్చును. విమానము నడుపువాడు కళాశాల మెట్లెక్కకయే చాలకుడు కావచ్చును. ఈ మూడును చేరువయైనపుడు దేశమునకు మంచి విమానములును, మంచి చాలకులును లభించిరి. ఎడమైనపుడు నష్టము వాటిల్లినది. ఆ నష్టము ఒక్కొక్కప్పుడు ప్రాణనష్టమే యయ్యెను. ఈ విషయమును చరిత్రక్రమమున నిరూపించుటయే యీ వ్యాసోద్దేశము.

పుష్పకము, పరీక్ష

తెలుగువారికి విమానమను మాట క్రొత్తది కాదు. కుబేరుని నుండి రావణునకు, రావణుని నుండి రామునకు చేరిన పుష్పకమును హరికథలలో విననివారరుదు. ఆ కథ మన సాహిత్యసంపద. కాని కథ వేరు, శాస్త్రము వేరు. ఈ భేదమును నిర్ణయించు సందర్భ మొకటి బెంగుళూరుననే కలిగినది.

బెంగుళూరు సమీపముననున్న ఆనేకల్లు వాసియైన పండిత సుబ్బరాయశాస్త్రి గారు చెప్పగా వ్రాయబడిన ‘వైమానిక శాస్త్రము’ అను సంస్కృత గ్రంథము భరద్వాజ మహర్షి కృతమని ప్రచారమందినది. అది హిందీ వివరణముతో 1959లోను, మైసూరు వాసియగు జి. ఆర్. జోస్యరు గారి ఆంగ్లానువాదముతో 1973లోను వెలువడెను. 1974లో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు పరిశోధకులు, హెచ్. ఎస్. ముకుంద, ఎస్. ఎం. దేశపాండే, హెచ్. ఆర్. నాగేంద్ర, ఎ. ప్రభు, ఎస్. పి. గోవిందరాజు గారలు, ఈ గ్రంథమును పరిశీలించిరి. వారు దానిని పరిహసింపలేదు, పూజింపనులేదు. భాషను, ఛందస్సును, గ్రంథము వెలువడిన తీరును విచారించి అది ఇరువదవ శతాబ్ది ప్రారంభమునకు చెందినదని నిర్ణయించిరి. అందలి చిత్రములలోని యంత్రములను బలముల లెక్కతో పరీక్షించి, అవి యెగురజాలవని తేల్చిరి.

ఈ నిర్ణయము కొందరికి రుచింపకపోవచ్చును. కాని విమానవిద్యకు మూలసూత్ర మిందే కలదు. ఎగురునని చెప్పుట చాలదు, లెక్క కుదరవలెను. లెక్క కుదిరినను చాలదు, యంత్రము నిజముగా నేల విడువవలెను. ఈ రెండు పరీక్షలకు నిలిచినదే విమానము.

కర్మాగారము – 1940

పారిశ్రామికుడు వాల్‌చంద్ హీరాచంద్ గారు భారతదేశమున విమాన నిర్మాణశాల స్థాపింప సంకల్పించినపుడు రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. అమెరికా దేశస్థుడు విలియం పాలే యంత్రసామగ్రి విషయమున ఆయనకు తోడ్పడెను. మైసూరు సంస్థానము దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ గారి ప్రోత్సాహమున భూమిని, మూలధనములో భాగమును సమకూర్చెను. అట్లు 1940 డిసెంబరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ బెంగుళూరున వెలసినది.

బెంగుళూరే యేల? ఈ నగరము దేశ సరిహద్దులకును, సముద్రతీరమునకును దూరము. వాతావరణము సమశీతోష్ణము. శివసముద్రము జలపాతము నుండి తీసిన విద్యుత్తు 1905 నాటికే యిచటి వీథులను వెలిగించుచుండెను. సంస్థాన ప్రభుత్వము పరిశ్రమల యెడ శ్రద్ధ గలది. అన్నింటిని మించి, 1909లో స్థాపింపబడిన భారతీయ విజ్ఞాన సంస్థ అచటనే యుండెను.

కర్మాగారమున కూర్చిన హార్లో శిక్షణ విమానము 1941లో ఎగిరెను. పిమ్మట భారత ప్రభుత్వము వాల్‌చంద్ గారి భాగమును కొనెను. యుద్ధకాలమున ఆ శాల అమెరికా సేనల విమానములకు మరమ్మతు కేంద్రమయ్యెను. ఆ సంవత్సరములలో మన పనివారు నేర్చిన నేర్పు గొప్పది: ఇంజను విప్పి కూర్చుట, రేకును వంచి రివెట్లు వేయుట, తునాతునకలైన రెక్కను తిరిగి నిలుపుట. అయినను అది పరుల నమూనాలకు చేయు సేవయే. స్వయముగా విమానమును రచింపవలెనన్న గాలి లెక్క తెలిసినవారు కావలెను. ఆ పని కళాశాలది.

కళాశాల – 1942

1942 డిసెంబరులో భారతీయ విజ్ఞాన సంస్థలో విమాన ఇంజనీరింగు శాఖ ప్రారంభమయ్యెను. దాని తొలినాళ్ళ భారము వహించినవారు డాక్టర్ విష్ణు మాధవ ఘాటగే గారు. మహారాష్ట్రమున 1908లో జన్మించిన వీరు జర్మనీలోని గోటింగెన్ నగరమున, ఆధునిక వాయుగతిశాస్త్రమునకు పితామహుడనదగు లుడ్విగ్ ప్రాండ్‌ట్‌ల్ శిష్యరికమున 1936లో డాక్టరు పట్టము పొందిరి. వీరు 1940లోనే కర్మాగారమున చేరి, అచట సైనికులను మోయు గ్లైడరు నొకదానిని రచించియుండిరి. ఒక వ్యక్తియే కర్మాగారమున రచయిత, కళాశాలలో ఆచార్యుడు అగుట ఈ నగర చరిత్రలో శుభారంభము. ఉదయము నల్లబల్లపై వ్రాసిన సూత్రమును సాయంకాలము రేకుపై పరీక్షించు నవకాశము శిష్యులకు దొరకెను.

తరువాత ప్రాండ్‌ట్‌ల్ శిష్యుడే యగు టీట్యెన్స్ అను జర్మను ఆచార్యుడు ఈ శాఖకు అధిపతిగా వచ్చెను. 1951లో సతీశ్ ధావన్ గారు అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ నుండి వచ్చి చేరిరి. 1955లో శాఖాధిపతి యయిరి. ధ్వనివేగమును మించిన గాలిని పుట్టించు చిన్న వాయుసొరంగము మొదలు, విమాన నమూనాలను నిలిపి పరీక్షింపదగు పెద్ద సొరంగము వరకు వారి పర్యవేక్షణమున నిర్మితమయ్యెను. వాయుసొరంగమనగా వేరేమియు కాదు. విమానము గాలిలో పోవుటకు బదులు, నిలిపిన నమూనా మీదుగా గాలిని పోనిచ్చి, రెక్కపై పుట్టు బలములను త్రాసుతో తూచు సాధనము.

ఈ సందర్భమున తెలుగువారు స్మరింపదగిన పేరు డాక్టర్ సూరి భగవంతం గారిది. కృష్ణామండలము ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, రామన్ గారి సాన్నిధ్యమున భౌతికశాస్త్రమున కృషిచేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన వీరు 1957లో విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వచ్చిరి. 1962లో ఆ పదవి ధావన్ గారికి సంక్రమించినది. భగవంతం గారు అటుపిమ్మట దేశ రక్షణశాఖకు వైజ్ఞానిక సలహాదారుగా పనిచేసిరి. వీరు విమానశాస్త్రజ్ఞులు కారు. కాని విమానశాఖ విస్తరించిన కీలకమైన యేండ్లలో సంస్థ పగ్గములు ఒక తెలుగువాని చేతనుండెను.

ఆ శాఖ ఆవరణమున యుద్ధకాలపు స్పిట్‌ఫైరు విమానమొకటి నిలిపియుండెను. దానిని చూచి ముగ్ధుడైన బెంగుళూరు విద్యార్థి యొకడు ఇంజనీరింగు పట్టము ముగించి 1953లో ఈ శాఖలో చేరెను. అతడే పిదప లోకప్రసిద్ధుడైన రొద్దం నరసింహ గారు. అనంతపురమండలమున రొద్దం అను గ్రామము గలదని మనవారెరుగుదురు. నరసింహ గారి యింటిపేరు ఆ పేరే. ధావన్ గారి శిష్యులై, అమెరికాలో పరిశోధన ముగించి తిరిగివచ్చి, 1984 నుండి 1993 వరకు జాతీయ విమాన ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేసిరి. పుస్తకమున నున్న వేయి సమీకరణములకన్న ఎదుట నిలిచిన ఒక విమానము బాలుని మనస్సును హెచ్చుగా కదల్చునన్నందుకు ఇది నిదర్శనము.

మైదానము – 1949

ఇక మూడవది. భారతదేశమున తొలి చాలక లైసెన్సును జె. ఆర్. డి. టాటా గారు 1929 ఫిబ్రవరిలో పొందిరి. నాటినుండి ఢిల్లీ, బొంబాయి, మద్రాసు మొదలగు నగరములలో ఫ్లయింగ్ క్లబ్బులు వెలసినవి. అవి చాలమట్టుకు ధనికులకే అందుబాటు. బెంగుళూరున మాత్రము ప్రభుత్వమే పాఠశాల నడుపుటకు పూనుకొనెను. మహారాజు జయచామరాజ ఒడయరు గారు నగరమునకు ఉత్తరమున జక్కూరు వద్ద రెండువందల యెకరములకు మించిన భూమినిచ్చిరి. 1949లో ప్రభుత్వ విమానచాలన శిక్షణ పాఠశాల అచట పని మొదలిడెను.

ఆ యేడే ఆ పాఠశాల నుండి ఉత్తీర్ణురాలైన ఉషా సుందరం గారు తొలి శిష్యులలో ఒకరగుట గమనింపదగినది. 1951లో ఆమె తన భర్త కెప్టెన్ వి. సుందరం గారితో కూడి డి హావిలాండ్ డవ్ విమానమును లండను నుండి బొంబాయికి 27 గంటలలో నడిపి తెచ్చెను. ఇంచుమించుగా ఆ కాలముననే హైదరాబాదున డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ ప్రేమ్ మాథుర్ గారిని చాలకురాలిగా నియమించినది. స్త్రీలకు ఉద్యోగము లరుదైన దినములలో దక్షిణదేశమందలి రెండు నగరములు చూపిన యీ ఔదార్యమును మన చరిత్రకారులు విస్మరింపరాదు.

చాలన మెట్లు నేర్పుదురో తెలియనివారి కొరకు కొంచెము వివరింతును. మొదట గదిలో పాఠములు: వైమానిక నిబంధనలు, వాతావరణము, దిక్కును దూరమును లెక్కించు మార్గనిర్ణయము, ఇంజను నిర్మాణము, రేడియోలో మాటలాడు పద్ధతి. పిదప శిక్షకునితో కూడి విమానమెక్కుట. ఆ కాలపు టైగర్ మాత్ విమానమున శిక్షకుడు, శిష్యుడు ఒకరి వెనుక నొకరు గాలికి తెరచిన గుంటలలో కూర్చుండి, ఒక గొట్టము ద్వారా మాటలాడుకొనువారు. నిటారుగా ఎగురుట, మలుపు తిరుగుట, ఎక్కుట, దిగుట నేర్చిన తరువాత చతురస్రాకారమున మైదానమును చుట్టి మరల మరల దిగుట అభ్యసింతురు. ఒకనాడు శిక్షకుడు దిగిపోయి, “ఇక నీవే పోయి రమ్ము” అనును. దానికే సోలో యని పేరు. విద్యార్థి జీవితమున అంతటి ఏకాంతము మరియొకటి లేదు. ముందరి ఆసనము ఖాళీ. విమానము తేలికయై త్వరగా లేచును. పొరపాటును దిద్దువారెవ్వరును లేరు.

స్వంతముగా నడుపుకొను లైసెన్సుకు కనీసము 40 గంటలు, అందు 20 గంటలు ఒంటరిగా ఎగురవలెను. జీతమునకు నడుపు వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు కావలెను. 1934 నాటి విమాన శాసనమును, 1937 నాటి నియమావళిని ఆధారముగా చేసికొని ఈ వ్యవస్థ పెరిగినది. ఆ పాత శాసనమునకు బదులు భారతీయ వాయుయాన్ అధినియమము 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది.

ఒకే సత్యమునకు రెండు ముఖములు

కళాశాలలో నేర్చునదియు, మైదానములో నేర్చునదియు వేరు వేరని తోచును. ఒక యుదాహరణముతో అవి యొక్కటే యని చూపుదును.

రెక్క ముందంచును పైకెత్తిన కొలది దానిపై పుట్టు లేవనెత్తు బలము పెరుగును. కాని ఆ వాలు సుమారు 15 డిగ్రీలు మించగానే గాలి రెక్క పైభాగమును అంటిపెట్టుకొని ప్రవహింపజాలక విడివడును. బలము హఠాత్తుగా కూలును. దీనినే స్టాల్ అందురు. కళాశాల విద్యార్థికి ఇది కాగితముపై ఎక్కి వంగిన యొక గీత. మైదానపు విద్యార్థికి అది చేతిలోని కడ్డీ వణకుట, గాలి చప్పుడు తగ్గుట, ముక్కు దిగజారుట. సహజబుద్ధి “కడ్డీని వెనుకకు లాగుము, పైకి లేచెదవు” అని చెప్పును. అట్లు లాగినవాడు మరింత కూలును. కడ్డీని ముందుకు నెట్టి, వాలు తగ్గించి, వేగము తెచ్చుకొన్నవాడే బ్రతుకును. గీతయందలి శిఖరము దాటిన భాగమును అర్థము చేసికొన్నవానికి ఈ విపరీతోపాయము వింతగా తోచదు. చేత్తో తెలిసికొన్నవానికి ఆ గీత మరువరానిదగును.

మరియొకటి. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల యెత్తున నున్నది. అచటి గాలి మద్రాసు తీరపు గాలికన్న నూటికి తొమ్మిది పాళ్ళు పలుచన. ఇంజనుకు అందు గాలి తగ్గును. రెక్కకు పట్టు తగ్గును. కావున నేల విడుచుటకు ఎక్కువ పరుగు కావలెను. తీరప్రాంతమున నేర్చి వచ్చిన చాలకుడు ఈ లెక్కను మరచినచో రన్వే చివరన చిక్కుపడును. ఇది భౌతికశాస్త్ర పాఠమా, చాలన పాఠమా? రెండును.

సంగమము – హెచ్‌టి-2, పుష్పక్

ఈ మూడు విద్యల తొలి సంగమము హెచ్‌టి-2 అను శిక్షణ విమానము. దానిని రచించినవారు ఘాటగే గారి నాయకత్వమున పనిచేసిన కర్మాగారపు బృందమువారు. 1951 ఆగస్టులో అది బెంగుళూరున తొలిసారి ఎగిరెను. పూర్తిగా లోహనిర్మితము, 155 గుర్రపుబలముల ఇంజను గలది, గురుశిష్యులు ముందువెనుకల కూర్చుండునది. భారతీయులు స్వయముగా రచించి, వరుసగా ఉత్పత్తిచేసిన మొదటి విమానమిదియే. సుమారు 170 తయారైనవి. వానిలో కొన్ని క్రొత్తగా స్వతంత్రమైన ఘానా దేశపు వైమానిక దళమునకు సైతము పోయెను. మనకంటె వెనుక స్వాతంత్ర్యమందిన దేశపు యువకులు మన విమానముపై అక్షరాభ్యాసము చేసిరన్నమాట.

1958 సెప్టెంబరు 28న ఎగిరిన రెండవ శిక్షణ విమానమునకు పుష్పక్ అని పేరిడిరి. పురాణనామమును ధరించిన యీ విమానము వినయవంతమైనది: పైరెక్క, వస్త్రపు కప్పు, 90 గుర్రపుబలములు, ప్రక్కప్రక్కన రెండాసనములు. దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులకు ఇది చేరి, ఎందరో చాలకులకు తొలి వాహనమయ్యెను. కళాశాల విద్యార్థులకు మైదానపు తలుపు కొంత తెరచినదియు ఆ కాలమే. నేషనల్ కేడెట్ కోరు వారి వైమానిక విభాగము 1950లో బొంబాయి, కలకత్తా నగరములలో ఒక్కొక్క దళముతో మొదలై క్రమముగా వ్యాపించెను. బి. ఎ., బి. ఎస్సి. చదువు సామాన్య కుటుంబపు విద్యార్థి డబ్బు వెచ్చింపక శిక్షకునితో గాలి కెగురుటకు దీని మూలమున వీలుకలిగినది.

1961 జూన్ 17న జర్మను రచయిత కుర్ట్ టాంక్ నాయకత్వమున రచింపబడిన మారుత్ జెట్ విమానమును వింగ్ కమాండర్ సురంజన్ దాస్ గారు బెంగుళూరున నడపిరి. వారే 1970 జనవరిలో అదే కుటుంబపు విమానమును పరీక్షించుచు మరణించిరి. పాత విమానాశ్రయ ప్రాంతమున వారి పేర నొక వీథి యున్నది. ఆ వీథిలో నడచు మన తెలుగువారెందరో ఆ పేరు వెనుకనున్న త్యాగమును ఎరుగరు.

వియోగము – హెచ్‌పిటి-32

సంగమము సడలినచో నేమగునో చెప్పక ఈ చరిత్ర సమగ్రము కాదు. హెచ్‌టి-2కు వారసుడుగా వచ్చిన హెచ్‌పిటి-32 దీపక్ 1977లో తొలిసారి ఎగిరెను. వైమానిక దళపు క్రొత్త శిష్యులు దానిపై అభ్యసించిరి. హైదరాబాదు సమీపమున దుండిగల్‌లో 1971 నాటికి నెలకొన్న వైమానిక దళ అకాడమీలో మన తెలుగు పల్లెల మీదుగా ఈ విమానములు ఏండ్ల తరబడి ఎగిరినవి. గాలిలో ఇంజను ఆగిపోవు దోషము వానిని విడువలేదు. ఇంజను ఆగినపుడు చాలినంత దూరము జారుకొనిపోగల నేర్పును దానికి లేకపోయెను. ప్రమాదములు పెక్కు జరిగినవి. శిక్షకులు, శిష్యులు పలువురు మరణించిరి. చివరకు 2009 జూలైలో జరిగిన ప్రమాదము తరువాత వానిని నిలిపివేసిరి.

అటుపై కొన్ని సంవత్సరములు శిష్యులు మొదటి మెట్టు లేకయే కిరణ్ జెట్ విమానముల నెక్కవలసివచ్చెను. 2013లో స్విట్జర్లాండు నుండి పిలాటస్ విమానములు దుండిగల్ చేరినవి. 1951లో స్వయముగా శిక్షణ విమానము రచించి పరదేశమున కిచ్చిన జాతి, అరువది యేండ్ల పిదప దానిని పరదేశము నుండి కొనుట చింతింపదగిన విషయము. నడుపువాని మొర రచించువాని బల్లకు చేరుటకు పట్టిన కాలమే ఇందలి దోషమని నా యభిప్రాయము. లోపమును చాలకుడు చెప్పుచుండగా రచయిత వేరొక ద్వారము వెనుక నుండెను. తరువాత బెంగుళూరు కర్మాగారమే రచించిన హెచ్‌టిటి-40 2016 మే 31న ఎగిరినది. 2023లో 70 విమానములకు ఒడంబడిక జరిగినది. పోయిన మెట్టును తిరిగి కట్టుకొను ప్రయత్నమిది.

పునస్సంగమము

రచయితను, చాలకుని ఒకే బల్లపై కూర్చుండబెట్టు పాఠశాల సైతము బెంగుళూరుననే కలదు. 1970 దశకమున ఇచట స్థిరపడిన వైమానిక దళ పరీక్షాసంస్థకు అనుబంధమైన పరీక్షాచాలకుల పాఠశాలలో అనుభవజ్ఞులైన చాలకులును, ఇంజనీర్లును కలసి చదువుదురు. చాలకుడు సమీకరణములు నేర్వవలెను. ఇంజనీరు గాలిలో ఎగిరి కొలతలు తీయవలెను. ఇది నా దృష్టిలో విమానవిద్యకు పరిపూర్ణ రూపము.

ఆ ఫలము తేజస్ విమానమున కనబడినది. దాని ఆధారమైన సంస్థలను తీర్చిదిద్దినవారిలో మనవారు ముఖ్యులు. వల్లూరి సీతారామారావు గారు 1965 నుండి 1984 వరకు జాతీయ విమాన ప్రయోగశాలకు డైరెక్టరు. 1959లో ఏర్పడిన ఆ సంస్థ వారి కాలముననే నిజమైన బలము సంతరించుకొనెను. ధ్వనివేగమునకు లోపలను పైనను పరీక్షలు చేయగల 1.2 మీటర్ల వాయుసొరంగము 1967లో పనికి వచ్చినది. విమాన వికాస సంస్థ 1984లో స్థాపితమైనపుడు వారే దానికి తొలి అధిపతి. గంజాం ప్రాంతపు బరంపురమునకు చెందిన కోట హరినారాయణ గారు విజ్ఞాన సంస్థలో విమానశాస్త్రము చదివి, తేజస్ కార్యక్రమమునకు నాయకత్వము వహించిరి. అనంతరము హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులయిరి. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోథియాల్ గారు ఆ విమానమును బెంగుళూరు గాలిలోనికి తొలిసారి తీసికొనిపోయిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1984లో అంతరిక్షయానము చేసిన రాకేశ్ శర్మ గారు సైతము పిదప బెంగుళూరు కర్మాగారమున ముఖ్య పరీక్షాచాలకులుగా పనిచేసిరి.

పౌరరంగమున జాతీయ విమాన ప్రయోగశాల రచించిన హంస అను రెండాసనముల శిక్షణ విమానము 1993లో ఎగిరి 2000లో ఆమోదపత్రము పొందినది. అందొకటి కాన్పూరు సాంకేతిక సంస్థకు చేరినది. అచటి విద్యార్థులు విమానమెక్కి, తాము తరగతిలో వ్రాసిన లెక్కలను గాలిలో సరిచూచుకొందురు. కళాశాలయే మైదానమైన యీ పద్ధతి ఇతర విద్యాలయములకు ఆదర్శము కాదగినది. ఇక జక్కూరు విషయము వేరు. 2008 మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయము తెరువబడిన పిదప దానికి పోవు ఎత్తైన రహదారి జక్కూరు మైదానము ప్రక్కగనే నిర్మితమై, రన్వే వాడుకకు ఆటంకము కల్పించినది. పెద్ద విమానాశ్రయమునకు పోవు దారి చిన్న పాఠశాల దారికి అడ్డుపడుట విచారకరము.

మన పిల్లలకు

బెంగుళూరు వచ్చు తెలుగు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ చరిత్ర నుండి కొన్ని మాటలు చెప్పదగియున్నవి.

విమాన ఇంజనీరింగు పట్టము చాలక లైసెన్సు కాదు. చాలక లైసెన్సు విశ్వవిద్యాలయ పట్టము కాదు. ఒకదానిని ఆశించి మరియొకదానికి రుసుము చెల్లించు కుటుంబములు కలవు. ఏ ద్వారమున ప్రవేశింతుమో ముందు తెలిసికొనవలెను. చాలకుడు కాగోరువాడు డబ్బు కట్టుటకు ముందే వైద్యపరీక్ష చేయించుకొనవలెను. దృష్టిలోనో, వినికిడిలోనో లోపమున్నచో గంటలన్నియు వృథా యగును. పాఠశాల ప్రకటనలో నెన్ని విమానములున్నవో గాక, వానిలో నెన్ని నిజముగా ఎగురుచున్నవో, శిక్షకులెందరో, నెలకు శిష్యునికి ఎన్ని గంటలు లభించుచున్నవో స్వయముగా విచారింపవలెను. భూమినో, ఇంటినో తాకట్టు పెట్టి పంపువారు ఈ విచారణను సిగ్గుపడక చేయవలెను.

ఇంజనీరింగు చదువువాడు ఒకసారియైనను చిన్న విమానమున శిక్షకుని ప్రక్కన కూర్చుండి స్టాల్ అనుభవము పొందవలెను. చాలనము నేర్చువాడు రెక్కల గణితమును పరీక్ష కొరకు గాక ప్రాణము కొరకు చదువవలెను. ఘాటగే గారు కళాశాలకును, కర్మాగారమునకును నడుమ నడచిన దారి కొలది మైళ్ళదే. ఆ దారి తెరచియున్నంతకాలము హెచ్‌టి-2 వంటివి పుట్టినవి. దానిని మూసివేసిన తరములు మూల్యము చెల్లించినవి. ఈ నగరమున చదువు మన బిడ్డలు ఆ దారిని మరల త్రొక్కుదురు గాక.